గృహవిజ్ఞానము : ముదురు నీలి జీన్సునకు ఇంటియందే రంగు తగ్గించుట

క్రొత్త వస్త్రము కొనినది మొదలు దాని రంగు పోకుండ కాపాడుటయే గృహిణి నేర్పని మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఇప్పుడు మన యిండ్లలోని కాలేజి బిడ్డలు ముదురు నీలి జీన్సు కొనితెచ్చుకొని, దాని రంగు ఎప్పుడు వెలియునా యని ఎదురుచూచుచున్నారు. "నిన్ననే కదా కొంటివి, అప్పుడే పాడుచేసికొందువా?" యని తల్లి మందలించును. బిడ్డ మారుమాటాడక, స్నానపుగది తలుపు వేసికొని, బ్లీచి సీసా మూత విప్పును. ఈ కడపటి పని మాకు మిక్కిలి భయము గొలుపుచున్నది. మూసిన గదిలో, కొలత తెలియని చేతితో, మరుగుదొడ్డి కడుగు ద్రావకముల ప్రక్కన ఆ సీసా విప్పుట సామాన్యమైన ఆట కాదు. వలదని చెప్పినంతమాత్రమున ఈ ముచ్చట మానదు. కావున పని తెలిసి చేయు విధమును ఈ మాసము మన సోదరీమణులకు వివరింపదలచితిమి. వెలిసిన రంగును కోరుట తప్పు కాదు, తొందరపడుటయే తప్పు. ఈ ఒక్క మాట మనసున నుంచుకొని తక్కినది చదువ ప్రార్థన.

నీలి స్వభావము

జీన్సు గుడ్డలో పడుగు నీలము, పేక తెలుపు. వాలుగీతలు పడునట్లు నేయుటచేత పడుగుపోగులు పైకి హెచ్చుగా కనబడును; అందుచే బట్ట బయట నీలముగాను, లోపల తెల్లగాను ఉండును. ఆ పడుగునకు పట్టించునది నీలిరంగు. ఎఱ్ఱ, పసుపు మొదలగు రంగులలో పెక్కింటివలె ఇది నీటిలో కరగునది కాదు. క్షారముతో కూడిన తొట్టిలో రూపుమారి, పసుపుపచ్చని వన్నెతో కరగి నూలును పట్టును. నూలును వెలికి తీసి గాలి సోకనిచ్చినంతనే మరల నీలమై, కరగనిదై, నూలునకు అంటుకొని నిలుచును. జీన్సునకు వేయు పోగులను తొట్టిలో కొలదిసేపే ముంచి తీయుచు, గాలికి ఆరవిడుచుచు, పలుమారులు ఇట్లే చేయుదురు. అందువలన రంగు పోగు పైపొరలయందే నిలిచి, నడుమ తెలుపు తెలుపుగానే యుండిపోవును. పాత జీన్సునుండి ఒక నీలపు దారము లాగి, గోటితో గీకి చూచిన ఈ సంగతి స్పష్టమగును.

ఈ ఒక్క విషయము తెలిసిన తక్కినదంతయు సులభము. రాపిడి తగిలినచోట పైపొర అరిగి లోని తెలుపు బయటపడును. రాపిడి తగులనిచోట నీలము నిలుచును. మోకాళ్లు, తొడల ముందు భాగము, జేబుల అంచులు మొదట వెలియుటకు కారణమిదియే. 1873వ సంవత్సరము మే 20వ తేదీన అమెరికాలో లీవై స్ట్రాస్ అను వర్తకుడును, జేకబ్ డేవిస్ అను దర్జీయును జేబు మూలలకు రాగి మేకులు బిగించు పద్ధతికి హక్కుపత్రము పొందిరి. ఆ బట్ట కష్టజీవుల కొఱకు ఏర్పడినది. నేడు మన బిడ్డలు అందమని కోరు ఆ వెలిసిన వన్నె పూర్వము కష్టపడినవారి బట్టకు కాలము ఇచ్చిన గురుతు.

నీలి మనకు క్రొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున కడప సీమ నీలిమందునకు పేరుపొందినది. దక్షిణదేశపు రంగరులు తగిరిస విత్తులును సున్నమును చేర్చి కుండలలో నీలిని పులియబెట్టెడివారు. 1897లో జర్మనీ దేశపు బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థవారు రసాయనశాలలో చేసిన నీలిని అమ్మకమునకు తెచ్చిన తరువాత మన నీలిచేలు క్రమముగా అంతరించెను. ఇప్పటి జీన్సులకు పట్టించునది చాలవరకు ఆ కృత్రిమనీలియే. స్వభావము మాత్రము రెంటికిని ఒక్కటే.

కొన్ని నీలివార్తలు

కుండలోని నీలి చెడినప్పుడు అది బాగుపడుటకై రంగరులు ఊరిలో ఒక అబద్ధపు కబురు పుట్టించెడివారనియు, "నీలివార్త" యను మాట అట్లు వచ్చినదనియు పెద్దలు చెప్పుదురు. జీన్సు విషయమునను అట్టి నీలివార్తలు కొన్ని ఇల్లిల్లు తిరుగుచున్నవి. ఉప్పునీట నానవేసిన రంగు పోవునని కొందరును, పోకుండ నిలుచునని కొందరును చెప్పుదురు. నీలి నీటిలో కరగని పదార్థము. ఉప్పు దానిని వదలింపదు, పట్టియుంచదు. నిమ్మరసమును అంతే. బ్లీచిలో పుల్లని పదార్థము కలిపిన త్వరగా పనిచేయునని మరియొక వార్త కలదు. అట్లు కలుపుట ప్రాణాపాయకరము. దీనిని గూర్చి క్రింద విపులముగా చెప్పుదుము.

పనికి ముందు చూడవలసినవి

జీన్సు లోపల కుట్టిన చీటీని మొదట చదువవలెను. నూటికి నూరుపాళ్లు నూలైన బట్ట ఏ పద్ధతికైనను ఓర్చును. ఎలాస్టేను, స్పాండెక్సు, లైక్రా అను పేళ్లు కనబడినచో అందు సాగెడు పోగు కలదని అర్థము. బ్లీచి తగిలిన ఆ పోగు చెడి, మోకాళ్లకడ బట్ట సంచివలె వ్రేలాడును. అట్టి దానికి ఉతుకు, ఎండ, మెల్లని రాపిడి మాత్రమే తగినవి. ఇక జీన్సు నీలము కాక నల్లనిదైనచో దానికి సాధారణముగా గంధకపు రంగులు వేయుదురు. అవి బ్లీచికి లోనైనప్పుడు తెలుపునకు రాక గోధుమవన్నెకు తిరుగవచ్చును. లోపలి అంచున కనబడనిచోట ఒక చుక్క వేసి చూడనిదే నల్లని జీన్సునకు బ్లీచి తగిలింపరాదు.

బట్ట ముందే ఉతికి కుదింపబడనిదైనచో వేడినీటిలో పొట్టియగును. కావున నడుము, కాలి పొడవు కొలిచి వ్రాసికొని, మొదట ఒకమారు ఉతికి ఆరవేసి, మరల కొలిచిన పిదపనే తక్కిన పని మొదలిడవలెను. ఈ మొదటి ఉతుకులో విడివడిన నీలి నీటిలో విస్తారముగా దిగును. తెల్లబట్టలను, పిల్లల బట్టలను దానితో చేర్పరాదు.

మొదటి విధము : ఉతుకు, ఎండ

మూడు విధములలో ఇదియే ఉత్తమము. ఖర్చు లేదు, భయము లేదు, బట్ట బలము అంతగా తగ్గదు. రంగు నిలువగోరువారు జీన్సును లోపలి ప్రక్క బయటికి తిప్పి ఉతుకుదురు. రంగు తగ్గగోరువారు తిప్పక ఉతుకవలెను. ఒక బకెట్టు గోరువెచ్చని నీటిలో రెండు పెద్ద చెంచాల చాకలిసోడా కరగించి, అరగంట నాననిచ్చి, బట్టలబండమీద పఱచి బ్రష్షుతో రుద్ది, నాలుగు దెబ్బలు కొట్టి జాడింపవలెను. సోడానీరు చేతుల చర్మమును పొడిబార్చును గనుక రబ్బరు తొడుగులు వేసికొనుట మంచిది. ఉతుకు యంత్రము గలవారు పాత తువాలలు రెండు మూడు చేర్చి తిప్పినయెడల ఒరిపిడి హెచ్చును. యంత్రములో రాళ్లు వేయుదమని కొందరు బిడ్డలు తలపోయుదురు. అట్లు చేసిన డ్రమ్ము పాడై, యంత్రమునకే క్రొత్త ఖర్చు వచ్చిపడును.

తడి జీన్సును నీడలో గాక మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరవేయవలెను. సూర్యకిరణములు నీలిని మెల్లగా విరిచివేయును. మడతలు పడకుండ నడుముపట్టీకి క్లిప్పులు పెట్టి నిలువుగా వ్రేలాడదీసి, నడుమ నొకమారు ముందువెనుకలు త్రిప్పవలెను. తీగమీద మడిచి వేసినచో మడతగీత తెల్లని చారయై శాశ్వతముగా నిలిచిపోవును. వారమునకు రెండుసార్లు ఇట్లు చేయుచు, నడుమ బిడ్డ దానిని కట్టుకొని తిరుగుచున్న, వేసవి గడచునప్పటికి మంచి వన్నె వచ్చును. అంగడిలో అధికవెల పెట్టి కొను అందము ఇదియే.

రెండవ విధము : రాపిడి

అంతకాలము ఆగలేనివారు రాపిడి నాశ్రయింపవచ్చును. బిడ్డ జీన్సు తొడుగుకొని కూర్చుండి లేచినప్పుడు ఎక్కడ ముడుతలు పడుచున్నవో, మోకాలి గుండ్రము ఎక్కడ వచ్చుచున్నదో చూచి, సుద్దముక్కతో గుర్తులు పెట్టవలెను. తరువాత జీన్సు విప్పి, కాలిలో ఒక చెక్కపలకను దూర్చి, గుర్తుపెట్టినచోట తడిపి, కాళ్లు రుద్దుకొను నురుగురాయితో ఒకే దిక్కునకు మెల్లగా రుద్దవలెను. పలక లేనిచో వెనుకవైపు బట్టయు అరుగును. నడుమ గట్టిగాను, అంచులకు పోనుపోను తేలికగాను రుద్దిన వెలుపు సహజముగా కనబడును. లేనిచో మోకాలిమీద అట్ట అంటించినట్లుండును. కుట్లమీదను, జేబుల మూలలందును రుద్దరాదు. దారము తెగిన పిదప చింతించి ఫలము లేదు.

ఉప్పుకాగితము వాడువారు మిక్కిలి సన్నరకము తీసికొని, ఆరుబయట, ముక్కునకు బట్ట కట్టుకొని రుద్దవలెను. పది పన్నెండు మారులు రుద్దుటయు, దులిపి చూచుటయు, మరల రుద్దుటయు, ఇదియే క్రమము. పేకలోని తెల్లపోగులు నూగువలె పైకి లేచుట కనబడినచో రంగు పని ముగిసి చినుగు పని మొదలైనదని తెలిసికొని ఆపవలెను.

మూడవ విధము : బ్లీచి

మేము దీనిని కడపట చెప్పుటకు కారణము లేకపోలేదు. ఉతుకును రాపిడియు నీలిని పైనుండి తొలగించును. బ్లీచి నీలిని విరిచివేయుటయే గాక నూలును కూడ తినివేయును. అయినను కొలతతో చేసినచో చెప్పుకోదగిన హాని లేదు. పద్ధతి యిది:

పెరటిలోనో, డాబామీదనో, గాలి ధారాళముగా వచ్చుచోట పని పెట్టుకొనవలెను. ప్లాస్టికు బకెట్టే వాడవలెను. ఇనుప, అల్యూమినియపు పాత్రలు పనికిరావు. చేతులకు రబ్బరు తొడుగులు, కన్నులకు అద్దములు, ఒంటికి పాతబట్టలు ఉండవలెను. చంటిపిల్లలను దూరముగా నుంచవలెను.

బకెట్టులో 10 లీటర్ల చన్నీరు పోసి, అంగడిలో దొరకు ద్రవరూపపు బ్లీచి 200 మిల్లీలీటర్లు మాత్రము కలుపవలెను. వేడినీరు వాడరాదు. జీన్సును వేరుగా మంచినీటిలో పూర్తిగా తడిపి, పిండి, అప్పుడు బకెట్టులో ముంచవలెను. పొడిబట్టను ముంచినచో తొలుత తగిలినచోటనే మచ్చలు పడును. కఱ్ఱతో విడువక కదుపుచు, అయిదు నిమిషముల కొకమారు పైకెత్తి చూడవలెను. తడిబట్ట ఆరిన బట్టకంటె ముదురుగా కనబడును. కావున కోరిన వన్నెకు కొంచెము ముందుగానే తీయవలెను. అరగంట మించి ఉంచరాదు. ఇంకను వెలుపు కావలెనన్న మరియొక దినము చేయవచ్చును. పోయిన రంగును, చెడిన నూలును తిరిగి తేలేము.

తీసినవెంటనే మంచినీటిలో రెండు మూడు మారులు బాగుగా జాడింపవలెను. ఇంతటితో బ్లీచి పని ఆగదు. పోగులలో మిగిలిన కొంచెము లోలోపల నూలును తినుచునే యుండును. దీనిని అణచుటకు మందుల అంగడిలో దొరకు హైడ్రోజన్ పెరాక్సైడును 100 మిల్లీలీటర్లు తీసికొని, 5 లీటర్ల మంచినీటిలో కలిపి, జాడించిన జీన్సును పది నిమిషములు అందులో నుంచి, మరల జాడించి ఆరవేయవలెను. ఇందుకు వినెగరు వాడుమని చెప్పువారి మాట వినరాదు. వాడిన బ్లీచినీటిని మొక్కల పాదులలో పోయక, ధారాళముగా నీరు చేర్చి కాలువలో విడువవలెను.

బ్లీచింగుపొడి యింట నున్నది గదా యని దానిని బట్టపై చల్లుటగాని, సరిగా కరగనిదే జీన్సు ముంచుటగాని చేయరాదు. పలుకు పడినచోట తెల్లని చుక్కయు, పిదప చిల్లియు పడును. బట్ట ఒంటిమీద నుండగా ఏ రసాయనమును పూయరాదు.

మరువరాని హెచ్చరికలు

బ్లీచిలో వినెగరు, నిమ్మరసము, మరుగుదొడ్డి కడుగు ఆమ్లము వీనిలో ఏది కలిసినను క్లోరిన్ అను విషవాయువు వెడలును. అమ్మోనియా గల ద్రావకములు కలిసినను ఊపిరితిత్తులను కాల్చు వాయువులే పుట్టును. మనము వేరుగా కలుపకపోయినను, అప్పుడే ఆమ్లముతో కడిగిన మరుగుదొడ్డిలో బ్లీచినీరు పారబోసినచో కలిసినట్లే. ఘాటు వాసన తగిలి, కన్నులు మండి, దగ్గు వచ్చినచో బకెట్టును సవరింప నిలువక, అందరును తక్షణము బయటి గాలికి పోవలెను. కంటబడినయెడల పదునైదు నిమిషములు ఎడతెగక నీటితో కడిగి వైద్యునికి చూపవలెను. బిడ్డ త్రాగినయెడల వాంతి చేయింపరాదు. 108కి ఫోను చేసి, సీసాతో సహా ఆసుపత్రికి గొనిపోవలెను. మిగిలిన బ్లీచిని చల్లనిపానీయముల సీసాలలో పోసి దాచు అలవాటు వెంటనే మానవలెను. సీసాను చూచియే పిల్లలు మోసపోవుదురు.

పొటాసియం పర్మాంగనేటను ఊదా పలుకులతో జీన్సుమీద తెలుపు తెప్పింతురని విని ఇంట ప్రయత్నింపరాదు. కర్మాగారములలో దానిని చల్లి, వేరొక రసాయనముతో విరుగుడు చేయుదురు. ఇంటిలో అది చేతులకు, నేలకు గోధుమ మరకలను, చర్మమునకును కన్నులకును గాయమును మిగుల్చును.

వెలిసినదే కొనరాదా?

ఇంత శ్రమ యేల, అంగడిలో వెలిసిన జీన్సే దొరకుచుండగా అని అడుగవచ్చును. కొనవచ్చును. కాని ఆ వెలుపు ఎట్లు వచ్చినదో తెలిసికొని కొనుట మంచిది. కర్మాగారములలో పెద్ద యంత్రములలో నురుగురాళ్లతో చేర్చి జీన్సులను త్రిప్పుదురు. తరువాతి కాలమున సెల్యులేజు అను జీవద్రవ్యమును, ఇటీవల లేజరు కిరణములను వాడుచున్నారు. వీనికి తోడు ఇసుకను గాలివేగముతో బట్టపై చిమ్మి రంగు రాల్చు పద్ధతి యొకటి ప్రబలినది. ఆ సన్నని ఇసుకధూళి పీల్చిన పనివారికి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి పట్టినది. రాళ్లు పగులగొట్టువారికి, పలుగురాయి పిండి చేయు కూలీలకు మన దేశమున వచ్చు వ్యాధి యిదియే; దీనిని నయము చేయు మందు లేదు. టర్కీ దేశమున ఈ పని చేసిన యువకులు పలువురు ఇట్లు మరణింపగా, 2009లో ఆ ప్రభుత్వము జీన్సులపై ఇసుక చిమ్ముటను నిషేధించినది. పెద్ద వర్తకసంస్థలు కొన్ని 2010లో ఈ పద్ధతిని విడిచెదమని ప్రకటించెను. అయినను చేతిలోనున్న జీన్సు ఏ పద్ధతిని వెలిసినదో అంగడిలోని మనకు కన్నులతో చూచి తెలిసికొను ఉపాయము లేదు.

తెలుగువారు విస్తారముగా నివసించు బళ్లారి నగరము జీన్సు కుట్టుపనికి ప్రసిద్ధిచెందినది. అట్టి ఊళ్లలో ఉతుకుశాలల నీలినీరు శుద్ధిచేయకయే విడిచినచో ఏ కాలువ కలుషితమగునో, ఎవరి బావి చెడునో ఆలోచింపవలసియున్నది. ఒక్క జీన్సునకు అయిదారు వేసవి ఎండలు ఇచ్చు వన్నెను ఒక్క గంటలో తెప్పింపగోరినప్పుడు, ఆ తొందర వెల ఎవరో యొకరు చెల్లింపవలెను. ఒకచోట అది నూలు బలము, ఒకచోట బిడ్డ కన్ను, మరియొకచోట ముక్కుమొగ మెఱుగని పనివాని ఊపిరి.

కావున సోదరీమణులారా, బిడ్డ ముదురు జీన్సు తెచ్చి రంగు తగ్గింపవలెనన్నప్పుడు కోపపడి లాగికొనకుడు. పెరటిలో బట్టలబండ చూపి, బ్రష్షు చేతికిచ్చి, "రుద్దుము" అని చెప్పుడు. ఆడుబిడ్డయైనను మగబిడ్డయైనను తన బట్ట తాను ఉతికికొనుట అలవడును. బ్లీచి తప్పదన్నచో దగ్గరనుండి కొలిచి పోయుడు; తలుపు వేసికొని చేయనీయకుడు. ఆరిన పిదప ఆ జీన్సు పొరుగింటివారిదానివలె ఉండదు; ఆ బిడ్డ మోకాలు వంగినచోట, ఆ బిడ్డ జేబులో చేయి పెట్టినచోట మాత్రమే వెలిసియుండును. అట్టిది ఏ అంగడిలోనను దొరకదు.

వచ్చు మాసమున, వెలిసి చినిగిన జీన్సుతో కూరగాయల సంచులు, వంటింటి ముంగొంగులు కుట్టుకొను విధమును వ్రాయుదుము.